అంచు, కొమ్ము, గోడ, బోర్డు: ఈ ఏడాది తీసిన ఫొటోల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో, ఏడాదంతా చేనేత, పండగలు, చేతిపనుల వెంట తిరిగి తీసినవాటిల్లోంచి నాకు బాగా ఇష్టమైన ఎనిమిది ఫొటోలు వేశాం కదా, ఒడిశాలో బరంపురం మగ్గం దగ్గర్నుంచి గుణుపురం కొండల దాకా, వాటి మీద ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ చాలా వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ జవాబు రాయడం కుదరదు. ఎక్కువమంది అడిగినవి, కొన్ని నన్ను రెండ్రోజులు నిద్రపోనివ్వనివి తీసుకున్నా.

ప్ర: పట్టుచీర ఫొటో అన్నారు, అందులో చీర పావు వంతు కూడా కనపడట్లేదు, నేతాయన మొహం కూడా సగమే ఉంది. అంచు మాత్రం ఇంతుంది. చీర మొత్తం చూపించొచ్చు కదా మేడమ్? (బరంపురం నుంచి ఒక పాఠకురాలు)

మొత్తం చీర ఫొటోలు కూడా తీశానండీ, ఒక షాపు కేటలాగ్ కోసం, స్టాండుకి వేలాడదీసి రెండు పక్కలా లైట్లు పెట్టి. రంగు బాగా వచ్చింది, కొంగు బాగా వచ్చింది, కానీ అవి చూస్తే ఆ చీర ఎక్కడ ఎలా పుట్టిందో ఏమీ తెలీదు, ఏ ఊరి చీరైనా అలాగే కనపడుతుంది. నాకేమో బరంపురం పట్టు అంటే ఆ అంచే, ఫోడా కుంభ అంటారు కదా, అంచు పొడుగునా గుడి శిఖరాల్లాగా పళ్ళు పళ్ళుగా లేచే కుంభాలు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కూడా ఆ పేరు మీదే, ఆడవాళ్ళ చీరకీ మగవాళ్ళు కట్టే జోడాకీ కలిపి. అందుకని ఆ కుంభం పడే చోటే తియ్యాలనుకున్నా.

అది గుంట మగ్గం, పెంకుటిల్లు, లోపలంతా చీకటి. పైన ఒకే ఒక్క అద్దం పెంకు ఉంది, దాన్లోంచి పొద్దున తొమ్మిదింటికి ఒక వెలుగు పట్టీ దిగి మెల్లిగా జరుగుతూ మగ్గం మీదకొచ్చి అరగంట ఉండి పోతుంది, ఆ అరగంట కోసం పదకొండు రోజులు వెళ్ళా. మొదటి మూడు రోజులు తీసినవన్నీ పనికిరాలేదు ఎందుకంటే వెలుగు చీర ఒంటి మీద పడింది గానీ అంచు మీద పడలేదు, నాలుగో రోజు మబ్బు. నేతాయనకి నన్ను చూస్తే జాలేసినట్టుంది. "ఏటమ్మా రోజూ వచ్చి అదే తీస్తన్నావు, నాను వేరే రంగు ఎక్కించే దాకా ఆగరాదా" అన్నాడు. వాళ్ళు డేరా నేతవాళ్ళు, తరాల కిందట ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, లెక్కల దగ్గర మాత్రం రెండూ కలిసిపోతాయి.

అలా కూర్చోగా కూర్చోగా నాకు తెలిసిందేంటంటే, కుంభం దగ్గరికి వచ్చేసరికి మగ్గం చప్పుడు మారుతుంది. చీర ఒళ్ళు నేసేటప్పుడు టకటకా ఒకే వేగంతో పోతుంది, కుంభం దగ్గర ఆగుతుంది, మళ్ళీ పోతుంది, మళ్ళీ ఆగుతుంది. ఇంక నేను కళ్ళతో చూడ్డం మానేసి ఆ ఆగడం వినిపించినప్పుడు నొక్కడం మొదలెట్టా. మీరు చూసిన ఫొటో తొమ్మిదో రోజుది. షట్టర్ 1/15 పెట్టాను, అంటే సెకనులో పదిహేనో వంతు, కాబట్టి అడ్డపోగు మోసుకెళ్ళే నాడె ఒక తెల్లటి గీతలా సాగిపోయింది, చెయ్యి కొంచెం చెదిరింది, అంచు మాత్రం కదల్లేదు, పళ్ళన్నీ లెక్కపెట్టుకునేంత క్లియర్‌గా ఉంది. ఆయన మొహం సగమే ఉందంటే ఆయన కళ్ళు అంచు మీద ఉన్నాయి కాబట్టి తల వంగి ఉంది, "ఇటు చూడండి" అని నేను అనలేదు.

ప్ర: నా ఫోన్లో ఎర్ర పట్టుచీర ఎప్పుడు తీసినా ప్లాస్టిక్ ముద్దలా వస్తుంది, మీకెలా వచ్చిందో చెప్పండి. (ఛత్రపురం)

ఇది అందరికీ ఉండే బాధే. బాగా నిండు ఎరుపు ఉంటే కెమెరాలో ఎరుపు ఒక్కటే ముందు నిండిపోయి పొంగిపోతుంది, పచ్చ నీలం ఇంకా సగంలోనే ఉంటాయి, అందుకని మడతలూ నేతా అన్నీ కలిసిపోయి ముద్దలా కనపడుతుంది. ఫోన్లో చీర మీద వేలు పెట్టి నొక్కితే పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది కదా, దాన్ని కిందకి లాగి, కొంచెం చీకటిగా ఉందేమో అనిపించేంత తగ్గించి తియ్యండి, తర్వాత నీడల్ని పైకి లేపుకోవచ్చు. ట్యూబ్‌లైట్ ఆపెయ్యండి, కిటికీ వెలుగు ఒక్కటే ఉంచండి, రెండూ కలిస్తే పట్టు ఒక వైపు పసుపు, ఒక వైపు నీలం తిరుగుతుంది. వెలుగు పక్కనుంచి రావాలి, ఎదురుగా ఫ్లాష్ కొడితే పట్టు మెరుపంతా పోయి తెల్ల మచ్చ మిగులుతుంది.

మాటలో మాట, కొట్‌పాడ్ బట్టకి ఈ ఇబ్బంది లేదు. కొరాపుట్ జిల్లా కొట్‌పాడ్‌లో మిర్గాన్ నేతవాళ్ళు తొగరు చెట్టు వేరు పట్టతో అద్దే ఎరుపు కొంచెం మట్టి కలిసిన ఎరుపు, అన్నభేది కలిపితే నల్లటి గోధుమ దాకా పోతుంది. ఆ రంగు వెలుగుని మింగుతుంది గానీ తిప్పి కొట్టదు. 2005లోనే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈసారి వేసిన ఎనిమిదిలో అది లేదు, నూలు అద్దే రోజుకి నేను అందుకోలేకపోయా, బట్ట ఒక్కటీ తీసి వెయ్యబుద్ధి కాలేదు.

ప్ర: మా ఊరి కొమ్ము పని మీద ఫొటో వేసినందుకు చాలా సంతోషం అక్కా, కానీ కొంగలు, రొయ్యలు, దువ్వెనలు ఎంత అందంగా చేస్తారో అవేవీ లేకుండా ఒక ముక్క, దుమ్ము, వేళ్ళు వేశారు. మా అమ్మ "ఇదేంటి గోళ్ళు కత్తిరించిన ఫొటోనా" అంది. (పర్లాకిమిడి)

అమ్మగారి మాట చదివి చాలాసేపు ఆలోచించా, ఎందుకంటే గోరూ కొమ్మూ రెండూ ఒకటే పదార్థం కదా, ఆవిడకి తెలిసి అన్నారో తెలీక అన్నారో గానీ నేను ఆ ఫొటో కింద రాయాల్సిన మాట ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు. కొమ్ముని వేడి చేస్తే మెత్తబడుతుంది, మెత్తగా ఉన్న ఆ కాసేపట్లోనే దాన్ని సాపు చెయ్యాలి, వంచాలి, చల్లారితే ఇంక అది ఎలా ఉందో అలాగే బిగుసుకుపోతుంది. రొయ్య మీసాల్లాంటి సన్నటి పని చూసినవాళ్ళు ఇది ఎలా విరగలేదు అని ఆశ్చర్యపోతారు, అది ఆ వేడి దగ్గర ఉన్న సంగతే.

ఆ ముక్కని ఆయన వెలుగుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు, అప్పుడు తీశా. ఎదురు వెలుగులో పల్చటి కొమ్ము తేనెరంగులో మెరుస్తుంది, లోపల పొరలు, నల్లటి చారలు కనపడతాయి, ఆ చార కొంగ మెడలోకి రావాలా రెక్కలోకి రావాలా అని ఆయన అప్పుడే లెక్కేసుకుంటున్నాడు. కొంగ పూర్తయ్యాక షెల్ఫ్‌లో పెడితే ఆ చార అలా పడిపోయిందేమో అనుకుంటాం. అది కోరి పెట్టిందని చూపించాలనిపించింది నాకు. మీ ఊళ్ళో ఈ పని చేసే చేతులు తగ్గిపోతున్నాయి, అది నాకు నిజంగా బెంగ, మీరు దగ్గరే ఉన్నారు కాబట్టి ఆదివారం పూట వెళ్ళి కాసేపు కూర్చోండి, ఫోన్ చాలు.

ప్ర: సవర బొమ్మల గోడ ఫొటో తియ్యడానికి ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా? అది వాళ్ళకి దేవుడి గోడ. ఇంకోటి, మా స్కూల్లో టీచర్ కూడా అవి వార్లీ బొమ్మలే అంటున్నారు. (గుణుపురం)

మొదటి ప్రశ్న అడిగినందుకు మీకు దణ్ణం పెట్టాలి. మూడిళ్ళలో అడిగాను, రెండిళ్ళలో వద్దన్నారు, కెమెరా బ్యాగులోంచి తియ్యలేదు. మూడో ఇంట్లో పెద్దాయన ఇంకో ఇద్దర్ని అడిగి, ఒక పూట ఆగమని, మర్నాడు రమ్మన్నాడు, అప్పుడు కూడా గోడలో ఒక భాగం తియ్యొద్దన్నాడు, ఎందుకో నేను అడగలేదు. మీరు చూసిన ఫ్రేము ఎడమ పక్క అంత హఠాత్తుగా తెగిపోయిందేంటి అని ఒక ఫొటోగ్రాఫర్ మిత్రుడు అడిగాడు, అక్కడ తెగింది అందుకే.

ఇడితాల్ అంటారు దాన్ని. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు, ఇంటికి జబ్బు చేసినా, చనిపోయిన పెద్దలకి చెయ్యాల్సింది ఉన్నా, పంటలప్పుడూ, వాళ్ళకో దేవతకో ఆ గోడ ఇల్లులాంటిది. వార్లీకీ దీనికీ తేడా ఉంది, వార్లీ వాళ్ళు మహారాష్ట్రలో పాల్ఘర్, ఠాణే వైపు, వాళ్ళ మనిషి బొమ్మలో రెండు ముక్కోణాలు మొనలు కలిసి నడుం సన్నగా కోసినట్టు ఉంటుంది. సవర బొమ్మల్లో ఒళ్ళు కొంచెం సాగి ఉంటుంది, నడుం దగ్గర అంత కోత ఉండదు, ముందు చుట్టూ అంచు గీసుకుని తర్వాత లోపలికి నింపుకుంటూ వస్తారు. ఏనుగులూ గుర్రాలూ చెట్లూ ఉన్న అదే గోడ మీద సైకిలూ విమానమూ కూడా వస్తాయి, అవి కొత్తగా వచ్చిన వేషాలేం కాదు, 1955లో వచ్చిన తన పుస్తకంలో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవరల గోడల గురించి రాసేనాటికే అలాంటివి ఉన్నాయి. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రాలకి (సవరల్లోనే ఒక తెగ) భౌగోళిక గుర్తింపు వచ్చింది, డోంగ్రియా కొంధులనే కొండజాతివాళ్ళు కుట్టే కపడాగండా శాలువాకీ అప్పుడే వచ్చింది. టీచర్ గారికి గొడవ పెట్టుకోకుండా రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించండి, కళ్ళకే తెలుస్తుంది.

ప్ర: ఆ కపడాగండా ఫొటోలో అబ్బాయి వీపు మాత్రమే ఉందేం? (రాయగడ)

సంతలో డోంగ్రియా కొంధుల మొహాల్లోకి పొడుగు లెన్సులు గురిపెట్టేవాళ్ళని చూసి చూసి నాకు విసుగొచ్చింది. అతన్ని అడిగా, శాలువా తీసుకో, మొహం వద్దు అన్నాడు. కుట్టింది అతని చెల్లెలట. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దారాలతో కొండల్లాంటి ముక్కోణాల వరసలు వీపు మీద ఎలా పడాలో ఆ అమ్మాయి అనుకునే కుట్టింది కదా, కాబట్టి వీపే సరైన చోటు.

ప్ర: బాగా నవ్వొచ్చిన ఫొటో సైన్‌బోర్డు పెయింటర్‌ది. చేనేత, దేవుడి గోడల మధ్యలో మందుల షాపు బోర్డెందుకండీ? (బరంపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు)

మాస్టారూ, నాకు మాత్రం ఆ ఫొటో చూస్తే కడుపు నిండుతుంది. అక్షరం కూడా డిజైనే కదా. ఆయన ఒకే బ్రష్షుతో పైన ఒడియాలో, కింద తెలుగులో రాస్తున్నాడు. ఒడియా అక్షరానికి పైన గొడుగులాంటి పెద్ద వంపు ఉంటుంది, అది ముందు లాగి తర్వాత లోపలి సంగతి చూస్తాడు. తెలుగుకి వచ్చేసరికి గుండ్రం ముందు, తలకట్టు చివర, వరసంతా రాసేసి అన్నిటికీ ఒకేసారి తలకట్లు కొట్టుకుంటూ పోతాడు, అడిగితే "దీనికి టోపీ ముందు, దానికి టోపీ ఆఖర్న" అన్నాడు. రెండు లిపులూ ఇలా గుండ్రంగా ఉండడానికి తాటాకు కారణమంటారు, గంటంతో పొడుగు అడ్డగీత గీస్తే ఆకు ఈనె వెంట చీలిపోతుంది కాబట్టి. మన ఊళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళం రెండూ రోజూ చూస్తూ కూడా ఇది పట్టించుకోం, నేను కూడా ఆ రోజు దాకా పట్టించుకోలేదు.

మీరు మాస్టారు కాబట్టి ఇంకో మాట. మన వైపు మూడో లిపి కూడా ఉంది, సవర భాష కోసం 1936లో మంగేయి గొమాంగో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్, 2012 నుంచి యూనికోడ్‌లో కూడా ఉంది. అదే భాష నేర్చుకుని దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, మనం మాట్లాడినట్టే రాద్దాం అని పట్టుబట్టింది ఆయనే. ఆ బోర్డు మీద తెలుగు చూడండి, "అన్ని రకాల మందులు దొరుకును" అని లేదు, "దొరుకుతాయి" అని ఉంది. పెయింటర్‌ని అడిగితే "అలాగే అంటాం కదా" అన్నాడు.

ప్ర: ప్రహ్లాద నాటకం మీద ఒక్క ఫొటో లేదు, గంజాం జిల్లా మొత్తానికి అంతకంటే పెద్ద కళ ఏముంది? (దిగపహండి)

తీశాను, రాత్రంతా కూర్చుని నాలుగొందలు తీశాను, ఒక్కటి కూడా వెయ్యడానికి రాలేదు, ఆ బాధ ఇంకా ఉంది. మెట్లు మెట్లుగా కట్టిన ఆ స్టేజి పైన సింహాసనం మీంచి హిరణ్యకశిపుడు ఒక్కో మెట్టూ దిగుతుంటే మద్దెల మోతకి ఒళ్ళు జలదరిస్తుంది. కానీ కొత్తగా పెట్టిన చవక ఎల్‌ఈడీ లైట్లు కంటికి కనపడకుండా ఆరి వెలుగుతుంటాయి, నేను కదలికని ఆపాలని షట్టర్ వేగం పెంచేశాను, దాంతో ప్రతి ఫొటోలోనూ అడ్డంగా నల్ల పట్టీలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అలాంటి లైట్ల కింద 1/100 గానీ 1/50 గానీ పెట్టుకోవాలి, నాకు తెలుసు, ఆ ఊపులో మర్చిపోయా. వచ్చే ఏడు మళ్ళీ వస్తా, మీ ఊళ్ళో ఎప్పుడు ఆడతారో రాయండి.

ప్ర: ఎనిమిదింటిలో అన్నిటికంటే ఇష్టమైనది ఏది, ఒకటే చెప్పాలి. (చాలామంది)

సగం పులి. ఈ ఏడు చైత్రంలో బరంపురంలో బుఢీ ఠాకురాణి యాత్ర పడింది కదా, రెండేళ్ళకోసారి వచ్చి నెల దాకా సాగుతుంది, డేరా నేతవాళ్ళు అమ్మవారిని ఆడపడుచులా చూసుకుంటారు, దేశీబెహెరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు తీసుకొస్తారు. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు, పులివేషాలు, దేవుళ్ళు, రకరకాలు. రాత్రిళ్ళు ఘటాల ఊరేగింపు తీసినవి నా దగ్గర చాలా ఉన్నాయి, జనం, దీపాలు, పూలు, అన్నీ బాగానే ఉన్నాయి, కానీ అందరి దగ్గరా ఉన్నాయి.

ఇది మధ్యాహ్నం. ఇంటి అరుగు మీద ఒక పదహారేళ్ళ కుర్రాడు నిలబడి ఉన్నాడు, వాళ్ళ మేనమామ ఒంటికి రంగు వేస్తున్నాడు, నడుం దాకా పులి అయిపోయాడు, పైన ఇంకా వాళ్ళమ్మ కొడుకే. రంగు ఆరేదాకా కూర్చోకూడదు, చేతులు ఒంటికి తగలకూడదు, అందుకని రెండు చేతులూ రెక్కల్లా చాపి గంటలకొద్దీ నిలబడాలి. ఆకలేసింది. వాళ్ళమ్మ పళ్ళెం పట్టుకుని ఎదురుగా స్టూలేసుకుని అన్నం తినిపిస్తోంది, రంగు అంటకుండా ముద్ద దూరం నుంచి నోట్లో పెడుతోంది, ఆవిడ కట్టుకున్న పాత పట్టుచీర అంచు మీద అవే కుంభాలు, అవి ఆవిడ అత్తగారివట. పులి చారల వరసా అంచు పళ్ళ వరసా ఒకే ఫ్రేములో పడ్డాయి, నేను చూసి తీయలేదు, కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసినప్పుడు కనపడింది. మగ్గం మీద పదకొండు రోజులు వెంటపడిన అంచు ఇక్కడ అన్నం పెడుతూ దొరికింది. చీరంటే నాకు ఇదీ, ఎవరో కట్టుకుని ఏదో పని చేస్తుండాలి.

ప్ర: కెమెరా ఏది? (రెండు డజన్లమంది)

ఆరేళ్ళ పాత బాడీ, ఒక 35 ఎంఎం లెన్సు. సైన్‌బోర్డు ఫొటో మాత్రం ఫోన్‌తో తీసిందే.

ప్ర: ఫొటోలో ఉన్నవాళ్ళకి ఆ ఫొటోలు ఇస్తారా, లేక పత్రికలో వేసుకుని వదిలేస్తారా? (జయపురం)

ఇస్తాను, అది నేను పెట్టుకున్న నియమం. వాట్సాప్‌లో పంపితే నాలుగు రోజుల్లో ఎక్కడో కిందకి పోతుంది, కాబట్టి మ్యాట్ పేపర్ మీద ప్రింట్ వేయించి చేతికిస్తా. పర్లాకిమిడి ఆయన దాన్ని పనిబల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాడు. సవర పెద్దాయన ఇంట్లోకి తీసుకోలేదు, నవ్వి తిరిగి ఇచ్చేశాడు, అదీ సరే.

మగ్గం ఫొటో తీసుకెళ్ళి ఇచ్చినప్పుడు ఆ నేతాయన కళ్ళజోడు పెట్టుకుని, వీధిలోకి వచ్చి, ఎండలో పట్టుకుని చాలాసేపు చూశాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. తర్వాత వేలితో చూపించాడు, ఎడమ నుంచి మూడో కుంభం దగ్గర ఒక పోగు తప్పింది. అంత వెలుగులో, అంత దగ్గరగా ఆయన ఆ అంచుని ఎప్పుడూ చూడలేదట. లోపలికెళ్ళి భార్యని పిలిచాడు, ఆవిడా చూసింది, ఇద్దరూ ఆ చీర ఎవరికి వెళ్ళిందో లెక్కల పుస్తకం తీసి వెతికారు. అప్పటికే పెళ్ళికి కొనుక్కుపోయారు. "ఆ అమ్మాయికి కనపడదులెండి" అన్నాను. "కనపడదు" అని, ప్రింట్ తీసుకెళ్ళి మగ్గం ఎదురుగా గోడకి, తల ఎత్తితే కనపడేంత ఎత్తులో, మేకు కొట్టి తగిలించాడు.